ఆఫీస్ మ్యూజిక్ క్లబ్: ఇప్పటిదాకా ఏం జరిగింది, ఇప్పుడు ఎక్కడున్నాం

మా క్లబ్ మొదలైంది యాన్యువల్ డే కోసం, స్టేజ్ మీద మూడు పాటలు పాడేసి దిగిపోవాలి, అంతే ప్లాన్. కానీ ఫంక్షన్ అయిపోయాక కూడా అకౌంట్స్ మేడమ్ గారు హార్మోనియం ఇంటికి తీసుకెళ్లకుండా స్టోర్ రూమ్‌లోనే ఉంచేశారు, దాంతో శుక్రవారం సాయంత్రం పని అవ్వగానే ఒక్కొక్కరూ మీటింగ్ రూమ్‌లో చేరడం అలవాటైపోయింది. మీ ఆఫీసులో కూడా పెట్టుకుందాం అనుకుంటుంటే పనికొస్తుందని రాస్తున్నా.

ముందు తేల్చుకోవాల్సింది శ్రుతి, అంటే పాటకి ఆధారమైన ‘స’ ఎంత ఎత్తులో ఉండాలన్నది. మాలో మగవాళ్లు ఎక్కువమంది ఒకటి, ఒకటిన్నరలో (సీ, సీ షార్ప్) హాయిగా పాడతారు, ఆడవాళ్లకి ఐదు, ఐదున్నర (జీ, జీ షార్ప్) కావాలి. ఒరిజినల్ స్కేల్‌లోనే పాడాలని పట్టుబడితే చరణంలో పై షడ్జం (పై ‘స’) దగ్గరికొచ్చేసరికి ఎవరో ఒకరి గొంతు పట్టేస్తుంది. అందుకే ఒక నోట్‌బుక్ పెట్టాం: పాట, పాడేవాళ్లు, శ్రుతి, కాపో (గిటార్ తీగలన్నిటినీ ఒకేచోట నొక్కిపట్టే క్లిప్) ఏ ఫ్రెట్ (గిటార్ మెడ మీది మెట్టు) మీద, టెంపో (వేగం) ఎంత. కీబోర్డ్‌కి శ్రుతి మార్చే ట్రాన్స్‌పోజ్ బటన్ ఉంటుంది, గిటార్‌కి కాపో ఉంది, సీ మేజర్ కార్డ్‌కి వేళ్లు పెట్టే షేపులే పట్టుకుని నాలుగో ఫ్రెట్ మీద బిగిస్తే ఈ మేజర్ పలుకుతుంది. హార్మోనియం సంగతి వేరు, స్కేల్ ఛేంజర్ ఉన్నా మెట్లు జరుగుతాయి గానీ రీడ్ల (లోపల మోగే లోహపు రేకుల) అసలు పిచ్ మారదు. మేడమ్ గారి పెట్టె మామూలు ప్రమాణమైన 440 హెర్ట్జ్ (A స్వరానికి) కంటే కాస్త పైన ఉంటుంది, కాబట్టి మిగతావాళ్లే దాని దగ్గరికి రావాలి: గిటార్లకి క్లిప్ ట్యూనర్‌లో 442 పెట్టుకుని తీగలు బిగిస్తాం, కీబోర్డ్‌లో కూడా ట్యూనింగ్ అంతే పెడతాం. అది కుదిరిన రోజు కోరస్ వింటుంటే నిజంగా ఒళ్లు పులకరించింది.

రిథమ్‌కి డ్రమ్ సెట్ జోలికి పోలేదు, మీటింగ్ రూమ్‌లో ఆ సౌండ్ తట్టుకోలేం. కహోన్ తెచ్చుకున్నాం, పెరూలో పుట్టిన చెక్కపెట్టె, దాని మీదే కూర్చుని వాయించొచ్చు, మధ్యలో కొడితే బేస్, పై అంచున కొడితే డ్రమ్ సెట్‌లో చురుగ్గా మోగే స్నేర్‌లాగా పలుకుతుంది.

మైకులు రెండే, రెండూ డైనమిక్ (స్టేజ్ మీద మామూలుగా వాడే రకం). ఇలాంటి కార్డియాయిడ్ (ముందు నుంచి వచ్చే సౌండే ఎక్కువగా తీసుకునే) మైక్ వెనకవైపు సౌండ్ చాలా తక్కువ తీసుకుంటుంది, అందుకని స్పీకర్లు ఎప్పుడూ మైకుల కంటే ముందు, వినేవాళ్ల వైపు తిప్పి పెడతాం. కొత్తగా వచ్చినవాళ్లకి మొదట చెప్పే మాట, మైక్ తల మీది జాలీని చేత్తో మూసి పట్టుకోవద్దని, అలా పట్టుకుంటే వెనక సౌండ్ తీసుకోని ఆ గుణం పోయి కుయ్యిమని ఫీడ్‌బ్యాక్ వస్తుంది. వాల్యూమ్ విషయంలో మా రూల్ ఒక్కటే: పాడేవాళ్ల మాటలు వినపడకపోతే ఆ మైక్ పెంచం, మిగతావాళ్లు తగ్గిస్తాం. నన్నడిగితే క్లబ్ ఇన్నాళ్లు నిలబడింది ఈ రూల్ వల్లే.

2020లో అందరం ఇళ్లకే పరిమితమైనప్పుడు వీడియో కాల్‌లో కలిసి వాయించడం కుదిరే పని కాదు. గాలిలో సౌండ్ పది మీటర్లు వెళ్లడానికే దాదాపు 30 మిల్లీసెకన్లు పడుతుంది, అంత ఆలస్యానికే తాళం జారుతుంది, మామూలు వీడియో కాల్‌లో ఇంకా ఎక్కువ. అందుకని హెడ్‌ఫోన్స్‌లో మెట్రోనోమ్ (తాళం లెక్కకి టిక్ టిక్ మనే యాప్ లేదా పరికరం) క్లిక్ వింటూ ఎవరి పార్ట్ వాళ్లు రికార్డ్ చేసి పంపేవాళ్లం, మొదట్లో నాలుగు క్లిక్కులకి నాలుగు చప్పట్లు కొట్టి, ఆ చప్పట్లని ఒకదాని కింద ఒకటి కలిపితే ట్రాకులన్నీ సరిగ్గా కూర్చునేవి. ఆ ఫైళ్లన్నీ ఇంకా దాచుకున్నాం.

ఇప్పుడు పని టెంపో మీద. పల్లవి నుంచి చరణంలోకి వెళ్లగానే స్పీడ్ పెరుగుతోంది, అందుకే మెట్రోనోమ్‌ని ప్రతి బీట్‌కి కాకుండా బార్‌కి (కొన్ని బీట్ల ఒక చుట్టుకి) ఒక్కసారే మోగేలా పెట్టి ప్రాక్టీస్ చేస్తున్నాం. మధ్యలో ఖాళీని మనమే లెక్కపెట్టుకోవాలి కాబట్టి తేడా వెంటనే దొరికిపోతుంది. నెమ్మది పాటల్లో కుదిరింది, ఫాస్ట్ బీట్‌లో ఇంకా టైం పడుతుంది. అది అయ్యాక కోరస్‌లో రెండో గొంతు, మెయిన్ ట్యూన్‌కి థర్డ్ (స్కేల్‌లో రెండు మెట్లు) పైన, ఇద్దరు ఇప్పటికే ఇంట్లో మొదలుపెట్టేశారు.