పది నెలలన్నారు, పదేళ్లున్నాడు

గేమ్ ఆఫ్ థ్రోన్స్ సీరియల్ చూసినవాళ్లకి నెడ్ స్టార్క్ తల నరికే ఆ బోడిగుండు తలారి గుర్తుండే ఉంటాడు. నాలుక కోసేశారు కాబట్టి ఒక్క డైలాగ్ కూడా ఉండదు, ఊరికే గుడ్లురిమి చూస్తాడు, అంతే. ఆ చూపు చూసి నేను 'ఎవడ్రా బాబూ వీడు' అనుకున్నాను. చాలా రోజుల తర్వాత తెలిసింది, ఆయన అసలు నటుడే కాదు, విల్కో జాన్సన్ అనే ఇంగ్లండ్ గిటారిస్టు, స్టేజి మీద నలభై ఏళ్లుగా జనాన్ని అలాగే చూస్తున్నాడని. గిటార్‌ని తుపాకీలా ఎత్తిపట్టుకుని, ముందువరసలో ఉన్నవాళ్లని కాల్చేస్తున్నట్టు తిప్పుతూ వాయిస్తాడు.

ఆయన మీద జూలియన్ టెంపుల్ తీసిన డాక్యుమెంటరీ 'ది ఎక్స్‌టసీ ఆఫ్ విల్కో జాన్సన్', 2015లో వచ్చింది. మొన్న రెండోసారి చూశాను. మొదటిసారి గిటార్ కోసం చూశాను, ఈసారి వేరే కారణం ఉంది, దాని దగ్గరికి వస్తాను.

ముందు మనిషి గురించి కొంచెం. అసలు పేరు జాన్ విల్కిన్సన్. దాన్ని తిరగేసి విల్కో జాన్సన్ చేసుకున్నాడు. 1947లో పుట్టింది కాన్వీ ఐలాండ్‌లో. థేమ్స్ నది సముద్రంలో కలిసేచోట ఉన్న పల్లపు దీవి అది, పోటు వచ్చినప్పుడు ఊరు నీటిమట్టం కన్నా కిందుంటుంది, అందుకే చుట్టూ గోడ, ఒకపక్క వరసగా ఆయిల్ ట్యాంకులు. 1953లో సముద్రం ఆ గట్టు దాటి వచ్చి ఒక్క రాత్రిలో 58 మందిని పొట్టన పెట్టుకుంది, అప్పటికి ఈయనకి ఐదేళ్లు. పెద్దయ్యాక న్యూకాసిల్ యూనివర్సిటీలో ఇంగ్లిష్ సాహిత్యం చదివాడు, పాత ఐస్‌లాండ్ వీరగాథలు కూడా చదువుకున్నాడు, తర్వాత రోడ్డు మార్గాన ఇండియా దాకా వచ్చి వెళ్లాడు, కొన్నాళ్లు బడిలో పాఠాలు చెప్పాడు. 1971లో ఊరి స్నేహితులతో కలిసి డాక్టర్ ఫీల్‌గుడ్ అనే బ్యాండ్. పెద్ద పెద్ద బ్యాండ్లన్నీ ఇరవై నిమిషాల సోలోలు వాయిస్తున్న రోజుల్లో వీళ్లు నలిగిన సూట్లు వేసుకొచ్చి మూడేసి నిమిషాల పాటలు టపటపా కొట్టేసి దిగిపోయేవాళ్లు. 1976లో వీళ్ల లైవ్ ఆల్బమ్ బ్రిటన్‌లో నంబర్ వన్. 1977లో గొడవలై ఈయన బయటికొచ్చేశాడు. అంతే, ఆ శిఖరం మళ్లీ ఎక్కలేదు. చిన్న హాళ్లలో, పబ్బుల్లో వాయించుకుంటూ ముప్పై ఐదేళ్లు గడిపేశాడు.

ఆయన కుడిచేతి గురించి చెప్పకపోతే నాకు తోచదు. పుట్టుకతో ఎడమచేతివాటం, కానీ కుడిచేత్తో వాయించడం నేర్చుకున్నాడు. టెలికాస్టర్ రకం నల్ల ఎలక్ట్రిక్ గిటార్, దానికి ఎర్ర ప్లేటు, మెలికల వైరు. తీగలు మీటే బిళ్ల ఉంటుందే, పిక్, అది వాడడు. వేళ్లతో, గోళ్లతో తీగల మీద పైకీ కిందకీ కొడుతూనే ఉంటాడు, చెయ్యి ఆగదు, ఆగేది శబ్దం. అదెలాగంటే, ఎడమచేతి పట్టు అరక్షణం వదులు చేస్తాడు, తీగ మోగకుండా 'చక్' అంటుంది, మళ్లీ బిగిస్తాడు, కార్డ్, అంటే కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి, మోగుతుంది. ఈ చక్‌లకీ మోతకీ మధ్య సందుల్లో లీడ్ ముక్కలు, అంటే విడివిడి స్వరాల వరసలు, దూరుస్తాడు. అంటే రిథమ్ వాయించేవాడూ లీడ్ వాయించేవాడూ ఒకడే, అదీ ఒకే చేత్తో, ఒకే ఊపులో. పైరేట్స్ బ్యాండ్ గిటారిస్టు మిక్ గ్రీన్ దగ్గర చూసి నేర్చుకున్నది ఇది, తనే చెప్పుకునేవాడు. ఇంజనీరింగ్ హాస్టల్లో కొన్న నా పాత గిటార్ దించి ఒక ఆదివారం ప్రయత్నించాను. పది నిమిషాల్లో చూపుడువేలి గోరు పక్కన చర్మం లేచిపోయింది. వంటింట్లోంచి మా ఆవిడ 'ఏం తరుగుతున్నారక్కడ?' అంది. విల్కో వాయింపుకి ఇంతకన్నా దగ్గరి వర్ణన నేనెక్కడా చదవలేదు.

సరే, సినిమా. 2013 జనవరిలో విల్కోకి పాంక్రియాస్ (క్లోమం) క్యాన్సర్ అని ప్రకటించారు. ఆపరేషన్‌కి లొంగదు, కీమో వద్దంటే పది నెలలు అన్నారు. ఆయన వద్దన్నాడు. జపాన్ వెళ్లొచ్చాడు, వీడ్కోలు కచేరీలు పెట్టాడు. టెంపుల్ కెమెరా పట్టుకుని వెళ్లింది ఆ చివరి నెలల్ని రికార్డు చేద్దామనే. సినిమాలో ఎక్కువ భాగం ఏమీ జరగదు. కాన్వీ గోడ పక్కన కూర్చుని ఒక మనిషి మాట్లాడుతుంటాడు, అంతే. కానీ ఆ మాటలున్నాయే! డాక్టర్ చెప్పిన రోజు ఆస్పత్రి బయటికొచ్చి ఆకాశంలోకీ చెట్లలోకీ చూస్తే ఒళ్లంతా ఏదో తేలిక, ప్రాణంతో ఉన్నానన్న సంగతి అంతకుముందెప్పుడూ అంత గట్టిగా తెలియలేదట. జీవితమంతా దిగులుతో, డిప్రెషన్‌తో బతికినవాడు, 2004లో భార్య ఐరీన్‌ని క్యాన్సర్‌కే పోగొట్టుకున్నవాడు, తనకి చావు ఖాయమనగానే దిగులు పోయిందంటాడు. రేపటి గురించి టెన్షన్ లేదు, ఎందుకంటే రేపు లేదు. మధ్యమధ్యలో పాత ఇంగ్లిష్ కవిత్వం నోటికి చెప్పేస్తుంటాడు, స్కూలు మాస్టారు ఎక్కడికీ పోలేదు. ఒక సీన్లో నల్లముసుగు వేసుకున్న మృత్యువుతో చదరంగం ఆడతాడు, స్వీడన్ దర్శకుడు బెర్గ్‌మన్ పాత సినిమాలోది, అది తెలిసినవాళ్లకి నవ్వొస్తుంది, తెలియనివాళ్లకి భయమేస్తుంది.

నన్నడిగితే టెంపుల్ ఈ పాత సినిమా ముక్కలు మరీ ఎక్కువ కలిపాడు. ఆయన 'చెట్టు' అంటే చెట్టు, 'సముద్రం' అంటే సముద్రం, ఎక్కడెక్కడి బ్లాక్ అండ్ వైట్ సినిమాల్లోంచో తెచ్చి వేస్తాడు. ఆ మొహాన్ని అలా చూస్తూ ఉండనిస్తే చాలదా? ఒక్కోచోట చిరాకేసింది.

రెండోసారి చూడ్డానికి కారణం పెదనాన్న. మార్కాపురం డిపోలో ఆర్టీసీ డ్రైవర్, దోర్నాల మీదుగా శ్రీశైలం ఘాట్ రోడ్డు కళ్లు మూసుకుని తోలగలడని పేరు. కడుపులో నొప్పంటే పట్నం ఆస్పత్రికి తీసుకొచ్చాం. రిపోర్ట్ వచ్చాక డాక్టర్ నన్నూ అన్నయ్యనీ పక్క గదిలోకి పిలిచి చెప్పాడు, పేషెంట్‌కి చెప్పాలా వద్దా మీరే చూసుకోండన్నాడు. మన ఇళ్లల్లో ఎలా ఉంటుందో తెలుసుగా, ఐదు నిమిషాల్లో వరండాలో మీటింగ్ అయిపోయింది, పెద్దమ్మతో సహా అందరం తీర్మానించేశాం, అల్సర్ అని చెబుదామని. చెప్పే పని నా మీద పడింది, ఇంగ్లిష్ చదువుకున్నవాణ్ని కదా. పెదనాన్న ఫైలు తీసి ఒక పదం మీద వేలు పెట్టి 'ఇదేంట్రా?' అన్నాడు. 'అల్సర్ పెదనాన్నా' అన్నాను. ఆయన తలూపి ఫైలు మూసేశాడు. వారం తర్వాత కర్నూలు నుంచీ ఒంగోలు నుంచీ జనం దిగి మంచం చుట్టూ నిలబడితే, అందర్నీ ఒకసారి చూసి నన్ను మాత్రం దగ్గరికి పిలిచి అడిగాడు, 'ఒరేయ్, అల్సర్‌కి ఇంతమంది చుట్టాలు వస్తార్రా?'

నేను ఏదో నవ్వేసి బయటికెళ్లి కాఫీ తాగాను. నాలుగు నెలలున్నాడు. ఆ నాలుగు నెలలూ మేమందరం ఆయనకి తెలియనట్టూ, ఆయన మాకు తెలియనట్టూ నటిస్తూనే ఉన్నాం.

విల్కో కథ అక్కడితో అయిపోలేదు. పది నెలలు దాటాయి, ఈయన ఇంకా గెంతుతూనే ఉన్నాడు. ఎలాగూ పోతున్నాం కదా అని ద హూ బ్యాండ్ గాయకుడు రోజర్ డాల్ట్రీతో కలిసి వారం రోజుల్లో ఒక ఆల్బమ్ రికార్డు చేసేశాడు, 2014లో అది బ్రిటన్ చార్టుల్లో మూడో స్థానం దాకా పోయింది. చార్లీ చాన్ అని ఒక సర్జన్, ఫొటోలు తీయడం ఆయన సరదా, కచేరీలో ఈయన్ని చూసి, పోవాల్సిన మనిషి ఇంత హుషారుగా ఉన్నాడంటే ఎక్కడో లెక్క తేడాగా ఉందని కేంబ్రిడ్జ్‌లోని ఆడెన్‌బ్రూక్స్ ఆస్పత్రికి పంపాడు. అక్కడ ఇమాన్యుయేల్ హ్యూగె అనే సర్జన్ గంటల తరబడి ఆపరేషన్ చేసి మూడు కిలోల పైన ఉన్న గడ్డ తీశాడు. పాంక్రియాస్, ప్లీహం, పొట్టలో కొంత, పేగుల్లో కొంత, అన్నీ పోయాయి. మనిషి మిగిలాడు. 2014 అక్టోబర్‌లో క్యాన్సర్ లేదని తనే చెప్పాడు.

ఇక్కడ ఒక మాట, ఎందుకంటే ఇది వాట్సాప్‌లో 'కీమో వద్దన్నాడు, బతికాడు' అని తిరిగే రకం కథ. ఆయనది న్యూరోఎండోక్రైన్ ట్యూమర్, అంటే హార్మోన్లు తయారుచేసే కణాల్లో పుట్టే గడ్డ, మామూలుగా పాంక్రియాస్ క్యాన్సర్ అనగానే భయపడే రకం కన్నా చాలా నెమ్మదిగా పెరుగుతుంది. పైగా ఆయన్ని బతికించింది కీమో వద్దనడం కాదు, కత్తి. స్టీవ్ జాబ్స్‌దీ ఇదే కోవలోదే, ఆయన ఆపరేషన్ నెలల తరబడి వాయిదా వేశాడు. కాబట్టి దయచేసి ఫార్వర్డ్ చేయకండి.

సినిమాలో నాకు బాగా నచ్చింది ఆపరేషన్ తర్వాతి విల్కో. వేరే ఎవరైనా అయితే అక్కడ వయొలిన్లు వాయించి, సూర్యోదయం చూపించి ముగించేవాళ్లు. ఈయనేమో కాస్త అయోమయంగా కనిపిస్తాడు. చావుకి సిద్ధమైపోయి, సామాను సర్దుకుని ప్లాట్‌ఫామ్ మీద కూర్చున్నవాడికి బండి క్యాన్సిల్ అని అనౌన్స్‌మెంట్ వస్తే ఎలా ఉంటుందో అలా. ఇప్పుడు ఇంటికెళ్లి ఏం చేయాలి? ఆ చెట్లూ ఆకాశమూ వెలిగిపోయిన రోజులు మళ్లీ రాలేదు, పాత దిగులు మెల్లగా ఇంటికొచ్చేసింది. తర్వాత ఇంటర్వ్యూల్లో కూడా ఇది దాచుకోలేదు. పాంక్రియాస్ లేదు కాబట్టి షుగర్ ఇంజక్షన్లు పొడుచుకుంటూ మళ్లీ స్టేజి ఎక్కాడు, 2018లో కొత్త పాటలతో ఆల్బమ్ వేశాడు, రాత్రుళ్లు ఇంటి పైకప్పు మీద టెలిస్కోప్‌లో చుక్కలు చూసుకున్నాడు. 2022 నవంబర్ 21న, 75 ఏళ్ల వయసులో, ఇంట్లోనే పోయాడు. దానికి నెల ముందు కూడా లండన్‌లో షో చేశాడు.

మొన్న రెండోసారి చూసినప్పుడు అన్నయ్య పక్కనున్నాడు, పెదనాన్న కొడుకు. వాడికి రాక్ మ్యూజిక్ అంటే తలనొప్పి, ఏదో నా మొహమాటానికి కూర్చున్నాడు, ఫోన్ చూసుకుంటూ. డాక్టర్ చెప్పిన రోజు గురించి విల్కో చెప్పే చోట ఫోన్ పక్కన పెట్టాడు. కాసేపయ్యాక రిమోట్ తీసుకుని ఆపాడు.

'మనం చెప్పుంటే నాన్న ఏం చేసేవాడంటావ్?'

'బండి తాళాలిమ్మనేవాడు' అన్నాను.

'ఘాట్ రోడ్డుకే' అన్నాడు అన్నయ్య. 'పక్కన కూర్చున్నందుకు నువ్వు వాంతి చేసుకునేవాడివి.'

చిన్నప్పుడు నిజంగానే చేసుకున్నాను, రెండుసార్లు, ఆయన సీటు వెనకే. అన్నయ్య నవ్వి, మళ్లీ ప్లే నొక్కాడు.