అంబాసిడర్ రేడియేటర్ పడేయకండి, కోర్ మార్పించండి

అంబాసిడర్ హీటవుతోంది అని చెప్తే చాలు, ఇప్పటి మెకానిక్‌ల నోట్లోంచి వచ్చే మొదటి మాట "పాత రేడియేటర్ తీసేసి అల్యూమినియంది వేసేద్దాం సార్, మళ్లీ చూసుకోనక్కర్లేదు" అని. మా ఇంట్లో ఉన్నది నాన్న కొన్న మార్క్ 3, 1489 సీసీ పెట్రోల్ బండి. ఈ ఎండాకాలం పంజాగుట్ట నుంచి అమీర్‌పేట దాకా ట్రాఫిక్‌లో పోతుంటే టెంపరేచర్ ముల్లు పైకి పోవడం, బండి కాస్త ఊపందుకుని గాలి తగిలితే దిగడం, సిగ్నల్ దగ్గర ఆపితే మళ్లీ ఎక్కడం, ఇదే వరస. నాకూ అదే సలహా వచ్చింది, నేను ఒప్పుకోలేదు, ఒరిజినల్‌దే బాగు చేయించాను. ఎందుకో రాస్తా.

పాత రేడియేటర్ అంటే పైన ఒక ఇత్తడి ట్యాంకు, కింద ఒక ఇత్తడి ట్యాంకు, మధ్యలో కోర్. కోర్‌లో నీళ్లు పారే సన్నటి ఇత్తడి ట్యూబులు, వాటి మధ్య వేడిని గాలికి వదిలే పల్చటి రాగి రేకులు, అంటే ఫిన్స్, అన్నీ సీసం తగరం కలిపిన టంకంతో అతికించినవే. టంకం వేడి చేస్తే ఊడుతుంది, మళ్లీ పెడితే అతుకుతుంది, అంటే ఈ వస్తువుని తయారు చేసిందే విప్పి బాగు చేసుకోడానికి. ఇప్పటి కార్లలో అల్యూమినియం కోర్‌కి ప్లాస్టిక్ ట్యాంకులు నొక్కి బిగిస్తారు, ప్లాస్టిక్ పగిలిందా మొత్తం మార్చడమే. అల్యూమినియం చెడ్డదని నేననను, బరువు తక్కువ, ట్యూబులు వెడల్పుగా పెడతారు కాబట్టి బాగానే చల్లబరుస్తుంది. కానీ వేడిని లాగడంలో రాగి దానికన్నా ఒకటిన్నర రెట్లకి పైనే, ఈ ఇంజన్‌కి రాగిది చాలదు అనడానికి ఏ కారణమూ లేదు, చాలకపోతే ఇన్ని దశాబ్దాలు ఇదే ఎండల్లో ట్యాక్సీలు ఎలా తిరిగాయి?

అసలు ముందు చూడాల్సింది తప్పు రేడియేటర్‌దేనా అని. ఫ్యాన్ బెల్టు లూజైతే నీళ్లు తిప్పే పంపూ ఫ్యానూ రెండూ నెమ్మదిస్తాయి, ఎందుకంటే ఈ ఇంజన్‌లో ఫ్యాన్ వాటర్ పంపు మీదే ఉంటుంది. తర్వాత ఇంజన్ బ్లాక్, అంటే సిలిండర్లు ఉండే భాగం, దాని లోపలా ఈ నీళ్లే తిరుగుతాయి. బ్లాక్ పక్కన వెనకవైపు ఒక డ్రెయిన్ ట్యాప్ ఉంటుంది, అది విప్పితే నీళ్లు ధారగా రావాలి, మా బండికి చుక్క కూడా రాలేదు. గట్టి తీగ పెట్టి గెలికితే ముందు ఎర్రమట్టి ముద్ద లాంటిది జారింది, ఆ తర్వాత తుప్పు నీళ్లు. అది వెనక సిలిండర్ చుట్టూ ఏళ్ల తరబడి పేరుకున్న తుప్పు, దాన్ని అలాగే ఉంచి ఎంత ఖరీదైన రేడియేటర్ వేసినా ఆ తుప్పే మళ్లీ కొత్త ట్యూబుల్లోకి వెళ్తుంది. కాబట్టి బ్లాక్ కడగకుండా రేడియేటర్ ముట్టుకోవద్దు, పైపు పెట్టి ఎదురు దిశలో నీళ్లు కొట్టించి, క్లియర్‌గా వచ్చేదాకా కడిగించండి. థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లని రేడియేటర్‌కి పోనివ్వని వాల్వ్) ఉందో లేదో కూడా చూడండి, మన దగ్గర హీటవుతుంది అనగానే దాన్ని పీకి పారేసే అలవాటు ఒకటి ఉంది, దాని వల్ల ఇంజన్ వేడెక్కాల్సినంత వేడెక్కక పెట్రోలు ఎక్కువ తాగుతుంది, అరుగుదలా ఎక్కువే.

రేడియేటర్ విప్పి పాతబస్తీ వైపు ఒక చాచా దగ్గరికి తీసుకెళ్లా, ట్రక్కుల రేడియేటర్లు చేసే మనిషి. గ్యాస్ మంట పెట్టి పై ట్యాంకు చుట్టూ తిప్పుతుంటే టంకం వెండిలా మెరిసి కారింది, పట్టకారుతో లేపితే ట్యాంకు వచ్చేసింది. లోపల చూస్తే సగానికి సగం ట్యూబుల మూతులు కనబడట్లేదు, పైనంతా తెల్లటి గట్టి పొర, బోరు నీళ్లు కాచే గిన్నె అడుగున కట్టేదే, దాని మీద పసుపు రంగు ముద్ద ఒకటి. ఎప్పుడో ఎవరో లీకు ఆపడానికి పసుపు పోసినట్టున్నారు. దారి మధ్యలో ఇల్లు చేరడానికి అది పనికొస్తుంది నిజమే, కానీ చేరాక కడిగేయాలి. చాచా సన్నటి చదును రేకు పట్టీ ఒకటి ట్యూబుల్లోకి దించి చూశాడు, కొన్నిట్లో దిగింది, కొన్నిట్లో ఆగిపోయింది, ఒకదాంట్లో పక్కకి పొడుచుకొచ్చింది. "కోర్ ఖతం సాబ్, టాంకీ ఏక్‌దమ్ అచ్ఛీ హై" అన్నాడు.

ట్యూబులు గట్టిగా ఉండి కేవలం పూడిపోతే కాస్టిక్ సోడాలో ఉడికించి ఆ పట్టీతో తోయిస్తే సరిపోతుంది. ట్యూబు గోడలే పల్చబడితే ఎంత తోసినా ఇంకో చోట కారుతుంది, అప్పుడు కోర్ మార్చడమే మార్గం. అదే ఎత్తు, అదే వెడల్పు, అన్నే ట్యూబు వరసలున్న రాగి కోర్ తెప్పించి మన ట్యాంకులే దానికి టంకం పెడతారు. అల్యూమినియంది కొనేదానికంటే నాకు ఖర్చు ఎక్కువే అయింది, దాచను. ఇంకో మాట, లీకు దగ్గర ఎం-సీల్ పూయకండి, టంకం అక్కడ పట్టదు, ముందు అదంతా గీకాలి. చివర్లో మూతులన్నీ బిగించి గాలి కొట్టి నీళ్ల తొట్టిలో ముంచి చూశాం, ఒక మూల సన్నగా బుడగలు వచ్చాయి, అక్కడ మళ్లీ మంట పెట్టాడు. ఈ టెస్టు మీ కళ్ల ముందే చేయించుకోండి.

రేడియేటర్ మూత, అదే ప్రెషర్ క్యాప్ విషయం జాగ్రత్త. క్యాప్ లోపల నిలిపి ఉంచే ఒత్తిడి ఒక పీఎస్ఐ (టైర్ల గాలి కొలిచే యూనిట్టే) పెరిగితే నీళ్లు మరిగే వేడి సుమారు 1.6 డిగ్రీలు పెరుగుతుంది, హైదరాబాద్ 500 మీటర్ల పైన ఎత్తులో ఉంది కాబట్టి మూత లేకుండా ఇక్కడ నీళ్లు 98 దగ్గరే మరుగుతాయి, అందుకని కొత్త కారుది ఎక్కువ ప్రెషర్ క్యాప్ పెట్టేద్దాం అనిపిస్తుంది. వద్దు, ఈ టంకం అతుకులు అంత ఒత్తిడికి చేసినవి కావు. కంపెనీ చెప్పిన తక్కువ ప్రెషర్ క్యాపే వేయండి, లోపలి రబ్బరు మాత్రం కొత్తగా ఉండాలి. నీళ్లు బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్. కూలెంట్ డబ్బా మీద రాగి, ఇత్తడి, టంకానికి సరిపోతుందని రాసుందో లేదో చదివి కొనండి, ఇక్కడ గడ్డకట్టే చలి లేదు కాబట్టి సగానికి సగం అక్కర్లేదు, మూడో వంతు కలిపితే తుప్పు ఆపడానికి చాలు.

ఇప్పుడు మధ్యాహ్నం ఎండలో ఏ సిగ్నల్ దగ్గర ఆగినా ముల్లు మధ్యలోనే ఉంటోంది. నాకు బాధగా ఉండేది ఏంటంటే రాగికీ ఇత్తడికీ స్క్రాప్‌లో మంచి రేటొస్తుందని జనం పాత రేడియేటర్లు తూకానికి అమ్మేస్తున్నారు, అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది, ఆ ట్యాంకులు మళ్లీ దొరకవు. కొత్తది వేయించుకున్నా సరే, పాతది షాపులో వదిలేయకుండా అడిగి ఇంటికి తెచ్చుకోండి. హైదరాబాద్‌లో కోర్ పని చేసే మంచి మనుషులు ఇంకెవరైనా తెలిస్తే ఏ ఏరియాలో ఉన్నారో రాయండి, మా ఫ్రెండ్ ఫియట్‌ది తర్వాత విప్పాలి.