ఉదయగిరి ముట్టడిలో కాలం లెక్క

నెల్లూరులో మిత్రులతో కలిసి ఆడుతున్న రోల్‌ప్లేయింగ్ ఆటకు, అంటే ఒక్కొక్కరు ఒక్కో పాత్ర వహించి మాటలతోనే కథ నడిపే ఆటకు, ఈసారి ఉదయగిరి కోటను కథాస్థలంగా ఎంచుకున్నాను. గజపతుల ఏలుబడిలో ఉన్న ఆ కోటను శ్రీకృష్ణదేవరాయలు ఏడాదికి పైగా ముట్టడించి 1514లో స్వాధీనం చేసుకున్నాడు. నెలల తరబడి సాగిన ముట్టడీ, చీకట్లో గోడ ఎక్కే ఒక్క నిమిషమూ ఒకే ఆటలో ఇమడాలంటే, కథను నడిపించే గేమ్ మాస్టరుకు, అంటే నాకు, కాలం మీద గట్టి పట్టు ఉండాలి.

ఈ తరహా ఆటే అయిన, 1974లో వెలువడిన డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లోనే నేలమాళిగలో సంచారాన్ని పది నిమిషాల విడతలుగా, అంటే టర్నులుగా లెక్కించేవారు. ఆ తర్వాతి ముద్రణల్లో కాగడా ఆరు టర్నులకు ఆరిపోయేది. ఖచ్చితమైన కాలం లెక్క లేనిదే ఆటకు అర్థం లేదని ఆ ఆట రూపకర్తల్లో ఒకడైన గ్యారీ గైగాక్స్ 1979 నాటి గేమ్ మాస్టర్ల పుస్తకంలో నొక్కి చెప్పాడు. ఇప్పటి ఐదో ఎడిషన్‌లో పోరాటపు రౌండు, అంటే అందరికీ ఒక్కో వంతు వచ్చే విడత, ఆరు సెకన్లు, పెద్ద విశ్రాంతి ఎనిమిది గంటలు. అయితే చాలామంది రౌండ్లను మాత్రమే లెక్కపెట్టి, మిగిలిన కాలాన్ని గాలికి వదిలేస్తారు. అలా వదిలేస్తే ప్రతి పోరాటం తర్వాతా హాయిగా పడుకుని, గాయాలు మాన్పుకుని, మంత్రాలన్నీ తిరిగి సంపాదించుకోవచ్చు. ఇక ఆ కోటలో భయపడవలసినదేమీ ఉండదు.

అందుకే కాలం ఆటగాళ్ల కళ్లెదుటే గడవాలని నా అభిప్రాయం. కాగడా వెలిగించగానే కాగితం మీద ఆరు గడులు గీసి బల్ల మధ్యలో పెడతాను. ఒక గది వెతికితే ఒక గడి, తాళం పగలగొడితే ఇంకొకటి, అందరూ చూస్తుండగానే కొట్టేస్తాను. ఐదో గడి కొట్టేసేసరికి అంతవరకు వాదులాడుకుంటున్న వాళ్లలో ఒకరు, "అన్నా, ఇంక ఒక్క గడే ఉండాది, ఎనక్కి పోదాం పా" అంటారు. నేను ఎంతమంది రాక్షసులను వర్ణించినా రాని తొందర ఆ గడితో వస్తుంది.

కోట వెలుపల టర్నులు పనికిరావు. అక్కడ రోజును ఎనిమిది జాములుగా విడగొట్టి, ఏ జాములో ఎవరు కాపలా కాస్తారో, ఎవరు కొండదారి చదును చేస్తారో వాళ్లనే చెప్పమంటాను. తిథి కోసం గోడ మీది తెలుగు క్యాలెండరునే వాడతాను, ఎందుకంటే వెన్నెల ఎంత ఉందో తెలిస్తేనే గోడ ఎక్కడం ఎంత ప్రమాదమో తేలుతుంది. నెలలు దాటించేటప్పుడు మాత్రం ఈ లెక్కలన్నీ పక్కన పెట్టి, ఆ నెలలో మీరేం చేశారు, ఎంత ధాన్యం ఖర్చయింది అని ఆటగాళ్లను అడుగుతాను. ఈలోగా కోటలోని వాళ్లు ఏం చేశారో నేను చెబుతాను. శత్రువు కూడా ఆ నెలను వాడుకోకపోతే అది గడిచినట్టే కాదు.

వచ్చే ఆట బహుళ ద్వాదశి రాత్రి మొదలవుతుంది. అమావాస్య చీకటికి ఇంకా మూడు రోజులు ఆగాలి, శిబిరంలో జొన్నలు రెండు రోజులకే ఉన్నాయి.