సోషలిజం మీద విమర్శ, సర్కారు పాత్ర: ఈ టాపిక్‌ను నేనెట్ల చదివానంటే

గ్రూప్-1 మెయిన్స్ ఎకానమీ పేపర్‌లో గానీ, ఎస్సేలో గానీ "ఆర్థిక వ్యవస్థలో ప్రభుత్వ పాత్ర" అని కనిపిస్తే చాలు, మనోళ్ల పెన్ను ఆగదు. అక్కడే మార్కులు పోతాయి. నల్గొండ జిల్లా గ్రంథాలయంలో మేం కొందరం ఒకరి ఆన్సర్లు ఒకరం దిద్దుకునేవాళ్లం. ఒకడి పేపర్ నిండా మే డే ఉపన్యాసం. ఇంకొకడి పేపర్ నిండా "ప్రైవేటుకిస్తే అన్నీ బాగుపడతాయి" అనే వాట్సాప్ మెసేజ్. ఆవేశం ఇద్దరిలోనూ ఉంది, వాదన మాత్రం ఇద్దరిలోనూ లేదు. దిద్దేవాళ్లకు మన పార్టీ ఏదో అవసరం లేదు. విమర్శ ఎవరు చేశారు, ఏ కారణంతో చేశారు, ఆ కారణం ఎక్కడ నిలబడుతుంది, ఎక్కడ నిలబడదు, ఇవి చూస్తారు.

మన ప్రాంతం పిల్లలకు ఇందులో ఇంకో చిక్కుంది. ఊళ్లల్లో ఎర్ర స్తూపాలు చూస్తూ పెరిగినోళ్లం. 1952 ఎన్నికల్లో నల్గొండ నుంచి రావి నారాయణరెడ్డికి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు వచ్చాయని ఇంట్లో పెద్దోళ్లు ఇప్పటికీ చెబుతారు. అలాంటి గడ్డ మీద కూర్చుని సోషలిజం మీద విమర్శ రాయాలంటే ఇంటి పెద్దలను తప్పుపట్టినట్టు అనిపిస్తుంది. పైగా రాసేది సర్కారు కొలువు కోసం! సర్కారు జీతానికి ఆశపడుతూ సర్కారు చిన్నదవ్వాలని రాయడానికి చెయ్యి ఆడదు, నవ్వొస్తుంది కూడా.

కానీ ఒక్కసారి సాయుధ పోరాటం చాప్టర్‌ను ఈ కళ్లతో చదవండి. వెట్టి పోవాలి, దొర గడీ కింద ఉన్న భూమి దున్నేవాడికి రావాలి, ఇదీ రైతు అడిగింది. తన పేరు మీద పట్టా కావాలన్నాడు. 1929 తర్వాత స్టాలిన్ రష్యాలో చేసింది దీనికి పూర్తిగా ఎదురు: రైతు చేతిలో ఉన్న భూమిని, పశువులను సమష్టి క్షేత్రాల్లో కలిపేశారు, 1932-33లో ఘోరమైన కరువు వచ్చింది. ఇక్కడ రైతు నాయకుడు ఎన్.జి. రంగాను గుర్తుపెట్టుకోండి. 1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెస్ సహకార సమష్టి వ్యవసాయం తీర్మానం చేస్తే, రైతు భూమి రైతు దగ్గరే ఉండాలని ఎదురుతిరిగి బయటికొచ్చిన మనిషి ఆయన. అదే ఏడాది రాజాజీ, మినూ మసానీలతో కలిసి పెట్టిన స్వతంత్ర పార్టీకి మొదటి అధ్యక్షుడయ్యాడు. మన భాషలో, మన రైతు తరఫున వచ్చిన విమర్శ ఇది. దీన్ని వదిలేసి అందరూ ఆడమ్ స్మిత్‌తో మొదలుపెడతారు, ఎందుకో అర్థం కాదు.

థియరీ విషయానికొస్తే, పుస్తకాల్లో విమర్శలు పది పన్నెండు పాయింట్లుగా ఉంటాయి. నేను వాటిని రెండుకు కుదించాను. ఒకటి సమాచారం, రెండోది పూచీ. మిగతావన్నీ ఈ రెండింటి పిల్లలే.

సమాచారం సంగతి ముందు. 1920లో ఆస్ట్రియా ఆర్థికవేత్త లుడ్విగ్ వాన్ మీసెస్ అడిగిన ప్రశ్న ఇది: ఉత్పత్తి సాధనాలన్నీ సర్కారువే అయితే వాటికి మార్కెట్ ఉండదు, మార్కెట్ లేకపోతే ధర ఉండదు, ధర లేకపోతే ఇనుముతో రైలుపట్టా చేయాలో నాగలి చేయాలో లెక్క ఎట్ల తేలుతుంది? దీనికి పోలెండ్ ఆర్థికవేత్త ఆస్కార్ లాంగే 1930ల్లో జవాబిచ్చాడు. ప్రణాళికా మండలే ధరలు నిర్ణయిస్తుంది, సరుకు మిగిలితే తగ్గిస్తుంది, కొరత పడితే పెంచుతుంది, అట్లా సర్దుకుంటూ పోతుంది అన్నాడు. 1945లో ఇంకో ఆస్ట్రియా ఆర్థికవేత్త హయెక్ అసలు ఇబ్బంది ఇంకో చోట ఉందన్నాడు. కావలసిన సమాచారం ఒక్కచోట లేదు, లక్షల మంది దగ్గర ముక్కలుముక్కలుగా ఉంది, చాలాసార్లు వాళ్లు కూడా దాన్ని కాగితం మీద పెట్టలేరు. దాన్నంతా మోసుకొచ్చేది ధర ఒక్కటే. మీసెస్, లాంగే, హయెక్, ఈ వరుసలో రాస్తే చాలు, వాదన దానంతటదే నడుస్తుంది. చాలామంది మీసెస్‌ను, హయెక్‌ను ఒకే వాక్యంలో కలిపేసి మధ్యలో లాంగేను మింగేస్తారు.

ఇది నాకు పుస్తకంలో సగమే అర్థమైంది. మిగతా సగం వడ్ల సీజన్‌లో అర్థమైంది. సాగర్ ఎడమ కాల్వ కింద మన జిల్లాలో రెండు లోకాలు పక్కపక్కనే నడుస్తాయి. సన్నాలు వేసినోళ్లు హార్వెస్టర్ నుంచి పచ్చి వడ్లు ట్రాక్టర్‌లో పోసుకుని నేరుగా మిర్యాలగూడ మిల్లులకు తోలుతారు. దొడ్డు రకం వేసినోళ్లు ఐకేపీ సెంటర్‌లో, అంటే సర్కారు వడ్లు కొనే కేంద్రంలో, కుప్ప పోసి, ఆరబెట్టి, తూర్పారబట్టి, తేమ 17 శాతానికి దిగేదాకా మిషన్ పెట్టిచ్చుకుంటూ కాంటా కోసం ఎదురుచూస్తారు. రాత్రి మబ్బు పడితే టార్పాలిన్ వెతుక్కుంటారు. మిల్లు గేటు దగ్గర రేటు పొద్దుటికీ సాయంత్రానికీ మారుతుంది. ట్రాక్టర్లు బారులు తీరితే పడిపోతుంది. హయెక్ చెప్పిన కబురు అదే: "ఇవాళ సరుకు ఎక్కువైంది, రెండు రోజులాగి కోయండి."

ఆ కబురు అందుతుంది కూడా. ఫోన్లోనే తెలుస్తుంది. కానీ రైతు ఆగగలడా? హార్వెస్టర్‌ను గంటల లెక్కన మాట్లాడుకున్నాడు, అది పోతే మళ్లీ ఎప్పుడొస్తుందో తెలియదు. కోసిన పచ్చి వడ్లు ట్రాక్టర్‌లోనే వేడెక్కుతాయి. ఆరబెట్టుకునే కల్లం లేదు, దాచుకునే గోదాం లేదు. ధర కబురు చెప్పింది గానీ దాని మీద నడుచుకునే శక్తి రైతుకు లేదు. హయెక్ వాదనకు నేను రాసే పరిమితి ఇదే. ఇది ఏ గైడ్‌లోనూ దొరకదు, మన జిల్లా రోడ్డు మీద దొరుకుతుంది.

ఇక రెండో లోకం. ఐకేపీ సెంటర్‌లో మద్దతు ధర ఖాయం. 2025-26కు సాధారణ రకం క్వింటాలుకు 2,369 రూపాయలు, గ్రేడ్-ఏకు 2,389. దళారి నోరు నొక్కేస్తుంది, రైతుకు ధైర్యమిస్తుంది, అందులో అనుమానం లేదు. అయితే ఖాయమైన ధర ఒక్క మాట చెప్పదు: ఈ బియ్యం తినేవాడు ఉన్నాడా అని. 2021-22లో యాసంగి వడ్ల మీద రాష్ట్రానికీ కేంద్రానికీ జరిగిన గొడవ గుర్తుందా? యాసంగి వడ్లు ఎండలకు పచ్చి బియ్యంగా ఆడిస్తే నూకలవుతాయి, అందుకే బాయిల్డ్ చేస్తారు. ఆ బాయిల్డ్ బియ్యం ఇక మాకొద్దని కేంద్రం అంది. 2022 ఏప్రిల్‌లో ధర్నా ఢిల్లీ దాకా పోయింది. రైతు తప్పు చేశాడా? లేదు, ధర ఏది వేయమంటే అది వేశాడు. తర్వాత 2024 వానాకాలం నుంచి సన్నాలకు క్వింటాలుకు 500 బోనస్ ఇచ్చారు. అంటే సర్కారు తానిచ్చిన ఒక సంకేతాన్ని ఇంకో సంకేతంతో సరిచేసుకుంటోంది. లాంగే చెప్పిన "సర్దుకుంటూ పోవడం" అచ్చం ఇదే, కాకపోతే దానికి ఒక ధర్నా, రెండేళ్లు పట్టాయి. ఈ ఉదాహరణతో రాసిన ఆన్సర్‌కు వచ్చిన మార్కులు నాకు ఈ పేపర్‌లో ఇంకే ఆన్సర్‌కూ రాలేదు.

పూచీ గురించి హంగరీకి చెందిన జానోస్ కొర్నాయ్ చెప్పింది ఒక్కటి చదివితే చాలు. నష్టమొస్తే ఖజానా ఆదుకుంటుందని సంస్థకు ముందే తెలిస్తే అది ఖర్చు తగ్గించుకోదు. సాఫ్ట్ బడ్జెట్ కన్‌స్ట్రెయింట్ అంటాడు దీన్ని. నెలాఖరుకు ఇంటి నుంచి ఫోన్‌పే వస్తుందని తెలిసి అశోక్‌నగర్‌లో బిర్యానీ తినే మన రూమ్మేట్ లెక్కన్నమాట. ఉదాహరణకు డిస్కంలు, అంటే సర్కారు కరెంటు పంపిణీ సంస్థలు, రాయండి. 2015లో వచ్చిన ఉదయ్ పథకం కింద డిస్కంల అప్పులో 75 శాతం రాష్ట్రాలు తమ నెత్తిన వేసుకున్నాయి, తెలంగాణ 2017 జనవరిలో చేరింది. అప్పు చేతులు మారింది గానీ నష్టం ఆగలేదు.

ప్రభుత్వ రంగం మీద రాసేటప్పుడు మాత్రం తొందరపడొద్దు. సర్కారు మందుల కంపెనీ ఐడీపీఎల్ కథ చూడండి. 1961లో పెట్టారు, సోవియట్ సాయంతో హైదరాబాద్‌లో మందుల ప్లాంటు వచ్చింది, 1990ల నాటికి ఖాయిలా పడింది. బ్యాలెన్స్ షీట్ చూస్తే కొర్నాయ్ గెలిచాడు. కానీ డాక్టర్ రెడ్డీస్ పెట్టిన అంజిరెడ్డి అందులో పనిచేసినవారే. అక్కడ పని నేర్చుకున్న కెమిస్టులు, 1970 పేటెంట్ చట్టం ఇచ్చిన వెసులుబాటు, రెండూ కలిసి హైదరాబాద్‌ను మందుల రాజధాని చేశాయి. ప్రైవేటు విజయం వెనుక సర్కారు ఫ్యాక్టరీ, సర్కారు చట్టం ఉన్నాయి. జడ్చర్ల దగ్గర పోలేపల్లి మందుల కంపెనీల్లో షిఫ్టుకు పోయే పాలమూరు పిల్లలను చూసినప్పుడల్లా నాకు ఐడీపీఎల్ గుర్తొస్తుంది. ఇందులో ఏ పక్షానికి మార్కు వేయాలి? నేనైతే రెండూ రాసి, సంస్థగా ఓడింది, శిక్షణ కేంద్రంగా గెలిచింది అని తేల్చేస్తాను.

దేశం టైమ్‌లైన్ ఎక్కువ రాయొద్దు, నాలుగు లైన్లు చాలు. 1955 ఆవడి కాంగ్రెస్ సభలో సోషలిస్టు తరహా సమాజం తీర్మానం, 1956 పారిశ్రామిక తీర్మానంలో సర్కారుకే రిజర్వు చేసిన 17 పరిశ్రమలు, మహలనోబిస్ రెండో ప్రణాళిక, దాని మీద ఆర్థికవేత్త బి.ఆర్. షెనాయ్ అసమ్మతి నోట్, 1969లో 14 బ్యాంకుల జాతీయీకరణ, 1980లో ఇంకో 6. ఆ తర్వాత 1991 జులై 24న కొత్త పారిశ్రామిక విధానం. ఆ రోజు పరిశ్రమల శాఖ ప్రధాని పీవీ దగ్గరే ఉంది, సర్కారుకు రిజర్వు చేసిన 17 కాస్తా 8 అయ్యాయి. ఇదే పీవీ ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు భూసంస్కరణల కోసం పట్టుబట్టి పదవి మీదకు తెచ్చుకున్నారు. ఈ రెండు పీవీలను ఒకే పేరాలో పెడితే తెలంగాణ పేపర్ దిద్దేవాళ్లు ఆగి చదువుతారు. షెనాయ్‌ను కూడా రాసేవాళ్లు తక్కువ, మీరు రాయండి.

ఇంతవరకు విమర్శ. దాని హద్దు ఎక్కడో చూపించకపోతే ఆన్సర్ సగమే. దీనికి మర్రిగూడ, మునుగోడు వైపు పోతే చాలు. నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దని ప్రమాణం. అక్కడ తరాల తరబడి అంతకు మించిన నీళ్లు తాగి ఎముకలు వంగిపోయాయి. ఆ రోగం ఉన్నన్నాళ్లూ మార్కెట్ ఉంది, బావి ఉంది, బోరు ఉంది, ఎవడూ మంచినీళ్లు తేలేదు, ఎందుకంటే తాగేవాడి దగ్గర కొనే డబ్బు లేదు. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే నల్గొండ టెక్నిక్‌ను తయారుచేసింది నీరి, సర్కారు పరిశోధన సంస్థ. కృష్ణా నీళ్లు పైపుల్లో రావాల్సి వచ్చింది. ఇది సోషలిజం అంటారా? హయెక్ కూడా కాదనడు. పేదవాడికి కనీస తిండి, బట్ట, గూడు ప్రభుత్వం చూడటాన్ని ఆయనే ఒప్పుకున్నాడు. కాబట్టి "సోషలిజంపై విమర్శ" అంటే "ప్రభుత్వం వద్దు" అని రాసేవాళ్లు హయెక్‌ను చదవనట్టే.

అచ్చంపేట నుంచి మా గ్రూప్‌లో ఒకన్న ఉండేవాడు. వాళ్ల ఇంట్లో పెద్దోళ్లు గుంపు మేస్త్రి దగ్గర అడ్వాన్స్ తీసుకుని డ్యామ్ పనులకు వలసపోయినోళ్లు. ఉపాధి హామీ మీద నేను లీకేజీలు, పనుల నాణ్యత అని రాస్తుంటే అన్న నవ్వి, "తమ్మీ, ఊళ్లో పని దొరికినంక మేస్త్రితో బేరమాడే నోరొచ్చింది మాకు. అది కూడా రాయి" అన్నాడు. 2006లో మొదటి విడతలోనే మహబూబ్‌నగర్, నల్గొండ రెండు జిల్లాలకూ ఆ పథకం వచ్చింది. కూలీ బేరం అనే కోణం అప్పటి నుంచి నా ఆన్సర్‌లో ఉంది.

అందుకే ఇప్పుడు నేను "ప్రభుత్వం" అని ఒకే ముద్దగా రాయను. ఫ్యాక్టరీ నడిపే ప్రభుత్వం, సరుకు కొనే ప్రభుత్వం, తూకం తనిఖీ చేసే ప్రభుత్వం, నీళ్లు, బడి, దవాఖానా ఇచ్చే ప్రభుత్వం, ఇవి వేర్వేరు. మీసెస్, కొర్నాయ్ దెబ్బ మొదటిదానికి గట్టిగా తగులుతుంది, రెండోదానికి కొంత తగులుతుంది. మూడోది లేకపోతే మార్కెట్టే నడవదు. కాంటాలో తరుగు పేరుతో కిలోలకు కిలోలు కోసేస్తుంటే ఇక ధర ఎంతైతే ఏం లాభం?

చివరగా, ఇదే నోట్స్ పేపర్-3 రాజ్యాంగానికీ పనికొస్తుంది. 1948 నవంబరు 15న రాజ్యాంగ సభలో సభ్యుడు కె.టి. షా "సోషలిస్టు" అనే పదం చేర్చాలంటే అంబేద్కర్ ఒప్పుకోలేదు. ఆర్థిక వ్యవస్థ ఎట్ల ఉండాలో రాబోయే ప్రజలే తేల్చుకోవాలన్నారు. అంతకు ముందు ఏడాది తాను రాసిన స్టేట్స్ అండ్ మైనారిటీస్ పత్రంలో కీలక పరిశ్రమలు, వ్యవసాయం ప్రభుత్వ చేతిలో ఉండాలన్నదీ ఆయనే. ఇది వైరుధ్యం అని రాసి వదిలేయకండి, తాను కోరుకునే విధానం వేరు, దాన్ని రాజ్యాంగంలో కట్టేయడం వేరు అని విడదీయండి. 1976లో 42వ సవరణతో ఆ పదం పీఠికలోకి వచ్చింది. 2024 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పులు రెండున్నాయి. 5న తొమ్మిది మంది జడ్జిల ధర్మాసనం, సమాజ వనరుల పంపకం గురించి చెప్పే రాజ్యాంగ అధికరణం 39(బి) కింద ప్రతి ప్రైవేటు ఆస్తీ సమాజ వనరు కాదంది. 25న వచ్చింది వేరే కేసు, పీఠికలో సోషలిస్టు, సెక్యులర్ పదాలు తీసేయాలన్న పిటిషన్లను కోర్టు కొట్టేసింది. మాక్ టెస్టుల్లో ఈ రెండింటినీ ఒకే తీర్పుగా రాసినోళ్లను చూశాను, మీరు వేర్వేరుగా నోట్ చేసుకోండి.