లెక్క తప్పకుండానే నాలుగు వేలు పోగొట్టుకున్నాను

శనివారం రాత్రి జరిగింది, ఇవాళ మంగళవారం. కడుపుమంట చల్లారకముందే రాసేస్తున్నాను. చల్లారితే నాకు అనుకూలంగా మార్చి రాసుకుంటానని భయం.

మేముండేది న్యూజెర్సీ ఎడిసన్‌లో. కాసినోలుండే అట్లాంటిక్ సిటీ కారులో గంటన్నర. ఆఫీసులో అందరూ ఏదో ఒక వ్యాపకం పెట్టుకుంటే, నాకు బ్లాక్‌జాక్‌లో (21 దాటకుండా డీలర్ కంటే ఎక్కువ తెచ్చుకునే పేకాట) కార్డ్ కౌంటింగ్ పట్టుకుంది. ఆడేసిన ముక్కల లెక్క పెట్టుకుంటూ, మిగిలినవాటిలో పెద్ద ముక్కలు ఎక్కువున్నప్పుడు పందెం పెంచడమన్నమాట. బేసిక్ స్ట్రాటజీ, అంటే ఏ ముక్కలొస్తే ఏం చెయ్యాలో చెప్పే పట్టిక, రెండు వారాల్లో వచ్చేసింది. చిన్నప్పుడు ఎక్కాలు బట్టీ పట్టినవాడికి అదో లెక్క కాదు. అది తప్పు లేకుండా ఆడితే కాసినో పైచేయి దాదాపు అర శాతానికి దిగుతుంది. ఆ అర శాతాన్ని మనవైపు తిప్పుకోవడానికే కౌంటింగ్.

ఏ కౌంటింగ్ సిస్టమ్ అన్న దగ్గర నాలుగు నెలలు తగలేశాను. దానికి కారణం మా టీములో ఒక మహానుభావుడు. "హై-లో చిన్నపిల్లల ఆట, ఒమేగా టూ నేర్చుకో" అన్నాడు. ఒమేగాలో 4, 5, 6 ముక్కలకు ప్లస్ రెండు, 2, 3, 7లకు ప్లస్ ఒకటి, తొమ్మిదికి మైనస్ ఒకటి, పదికీ బొమ్మలకూ మైనస్ రెండు. ఆసుకు సున్నా, కాబట్టి ఆసుల్ని విడిగా ఇంకో లెక్కలో పెట్టుకోవాలి. ఇంట్లో సోఫాలో కూర్చుని బాగానే పెట్టాను. టేబుల్ దగ్గర పక్కవాడు సిగరెట్ ఊదుతూ నా ఉద్యోగం గురించి అడుగుతుంటే ఒక లెక్క ఉంటుంది, రెండోది పోతుంది. తర్వాత నాకు తెలిసిందేమిటంటే, ఆసుల లెక్క వదిలేస్తే పందెం ఎప్పుడు పెంచాలో చెప్పడంలో ఒమేగా కంటే ఆ 'చిన్నపిల్లల' హై-లోనే నయం. ఆ మహానుభావుడు ఇంతవరకు కాసినో మెట్లు ఎక్కలేదని కూడా తర్వాతే తెలిసింది. ఎప్పుడూ ఓడిపోలేదని చెప్పేవాడు బహుశా ఎప్పుడూ ఆడలేదు.

మధ్యలో నాకౌట్ సిస్టమ్ కూడా చూశాను. భాగహారం అక్కర్లేదు గానీ ఎనిమిది పేకల ఆటలో లెక్క మైనస్ 28 దగ్గర మొదలవుతుంది. మైనస్ అంకెలు వెనక్కి ఎక్కుతుంటే నాకు తల తిరిగింది. చివరికి హై-లోకే వచ్చాను. 2 నుంచి 6 వరకు ప్లస్ ఒకటి, 7, 8, 9 సున్నా, పది, బొమ్మలు, ఆసు మైనస్ ఒకటి. అలా వచ్చిన మొత్తాన్ని ఇంకా పంచని పేకల సంఖ్యతో భాగిస్తే ట్రూ కౌంట్. అది ఒకటి పెరిగితే మన అవకాశం అర శాతం పెరుగుతుంది. ఒక పేకను 24 సెకన్లలో లెక్కపెట్టి సున్నాకు తేగలను. ముప్పై సెకన్లు దాటకపోతే చాలంటారు. ఈ మాట గొప్పకే చెబుతున్నాను, చెప్పుకోవడానికి నాకు ఇంకేం మిగల్లేదు.

డబ్బు సంగతి మాత్రం ఒక్క సాయంత్రంలో తేల్చేశాను. బోనస్‌లో నాలుగు వేల డాలర్లు మిగిలాయి. టేబుల్ మీద కనీస పందెం 25. అంటే 160 పందేలు, చాలదా అనుకున్నాను. కౌంట్ బాగోలేనప్పుడు 25, ట్రూ కౌంట్ నాలుగుకు చేరితే 200. సిస్టమ్‌కి నాలుగు నెలలు, బ్యాంక్‌రోల్‌కి, అంటే ఆటకు పెట్టుకునే డబ్బుకి, ఒక కాఫీ టైము.

మొదటి రెండు ట్రిప్పుల్లో 1300 పోయింది. అప్పుడు మా ఆవిడతో మానేశానని చెప్పాను. శనివారం ఫ్రెండు ఇంట్లో క్రికెట్ మ్యాచ్ అని చెప్పి మిగిలిన 2700తో బయల్దేరాను. సముద్రం ఒడ్డున బోర్డ్‌వాక్ మీద కాసినో. పేరు రాయను.

రాత్రి పదకొండున్నరకు నా ముందు సరిగ్గా వెయ్యి డాలర్ల చిప్స్ ఉన్నాయి. అప్పుడు వచ్చింది కౌంట్. రన్నింగ్ కౌంట్ పదహారు, ఆడేసిన ముక్కలు నాలుగు పేకల ఎత్తు, ఇంకా నాలుగు మిగిలాయి. ట్రూ కౌంట్ నాలుగు. 200 పెట్టాను. నాకు ఆరు, అయిదు, డీలర్‌కి ఆరు. పుస్తకంలో బొమ్మ గీసినట్టుంది. ఇంకో 200 పెట్టి డబుల్ చేశాను, అలా చేస్తే ఇంకొక్క ముక్కే ఇస్తారు. వచ్చింది రెండు. డీలర్ లోపలి ముక్క అయిదు, తర్వాత రాజు. ఇరవై ఒకటి.

అన్నీ చిన్న ముక్కలే పోయాయి కాబట్టి కౌంట్ ఇరవైకి ఎక్కింది. మళ్ళీ 200. రెండు ఎనిమిదులు, డీలర్‌కి పది. విడగొట్టాలి, రెండోదానికీ 200 పెట్టి విడగొట్టాను. ఒకదాని మీద పది పడి పద్దెనిమిదైంది. రెండోదాని మీద మూడు పడి పదకొండైంది, డబుల్ చెయ్యాలి. నా దగ్గర మిగిలినవి సరిగ్గా 200. చెయ్యి వణికింది, చిప్స్ దొర్లి ఒకటి కిందపడింది, పక్కాయన తీసిచ్చాడు. వచ్చింది అయిదు. డీలర్ తిప్పితే తొమ్మిది. పంతొమ్మిది.

రెండే ఆటల్లో వెయ్యి పోయింది. ఒక్కచోట కూడా తప్పు ఆడలేదు. కౌంట్ అలాగే ఇరవై దగ్గరుంది, ట్రూ కౌంట్ అయిదు దాటింది. ఆ రాత్రి మొత్తంలో టేబుల్ పండిన క్షణం అదే, నా ముందు మాత్రం పచ్చగుడ్డ తప్ప ఏం లేదు.

ఏటీఎంకి పరిగెత్తాను. కాసినోలో ఏటీఎం ఫీజు ఎంతో ఇక్కడ రాస్తే మా నాన్న చదివి నవ్వుతాడు. జాయింట్ ఖాతా నుంచి 400 తీశాను. నోట్లు చేతిలోకి రాకముందే ఫోన్ మోగింది.

"ఏవండీ, మన కార్డు ఎవరో కొట్టేసినట్టున్నారు. నాలుగు వందలు తీశారని మెసేజ్ వచ్చింది. బ్లాక్ చెయ్యమంటారా?"

వెనక స్లాట్ మెషీన్లు టింగు టింగుమని వాయిస్తున్నాయి. "నేనే తీశాను" అన్నాను. అటువైపు కాసేపు మాట లేదు. "మ్యాచ్ ఎవరు గెలిచారు?" అని అడిగి పెట్టేసింది.

తిరిగి వచ్చేసరికి, ఇక ముక్కలు కలపాలని చెప్పే కట్ కార్డు బయటపడింది, డీలర్ ఎనిమిది పేకలూ కలుపుతోంది. కౌంట్ సున్నా. నేను నోట్లు పట్టుకుని నిలబడ్డాను. అప్పుడు వచ్చాడు ఫ్లోర్ సూపర్‌వైజర్. భయపడ్డాను. వేరే రాష్ట్రాల్లో కౌంటింగ్ చేస్తే గెంటేస్తారు. న్యూజెర్సీలో 1982లో కెన్ ఉస్టన్ అనే కౌంటర్ కేసులో ఇక్కడి సుప్రీం కోర్టు అలా బయటకు పంపకూడదంది గానీ, పందెం తగ్గించమనడం, మధ్యలోనే ముక్కలు కలిపేయడం వాళ్ళ చేతిలో ఉంది. నాకవేవీ చెయ్యలేదు. నవ్వుతూ మెల్లగా, "మీరు లెక్క చాలా చక్కగా పెడుతున్నారండీ. మళ్ళీ రండి" అని చేతిలో బఫే కూపన్ పెట్టాడు. ఇద్దరికి.

గెంటేసి ఉంటే గౌరవంగా ఉండేది. నేను కౌంట్ చేస్తున్నానని వాడికి ముందే తెలుసు, నా వల్ల వాళ్ళకు ఏ నష్టమూ లేదని కూడా తెలుసు. ఇంటికొచ్చే దారిలో పార్క్‌వే మీద గంటన్నరా అదే ఆలోచన.

ఆదివారం కూర్చుని ముందే చెయ్యాల్సిన లెక్క చేశాను. నా పందేలకు సగటు లాభం గంటకు పది డాలర్లు. అటూ ఇటూ ఊగేది మాత్రం గంటకు ఏడు వందలు. నాలుగు వేలతో దిగితే ఎప్పటికైనా మొత్తం ఊడ్చుకుపోయే అవకాశం వందకు 85. దాన్ని అయిదుకు తేవాలంటే అదే పందేలకు డెబ్బై వేల డాలర్ల పైనే కావాలి. 1956లో బెల్ ల్యాబ్స్‌లో జాన్ కెల్లీ ఇచ్చిన సూత్రం ఉంది: మన పైచేయి ఎంత శాతమో దాన్ని ఒక్కో ఆట ఊగిసలాటతో (వేరియన్స్) భాగించి, చేతిలో ఉన్న డబ్బులో అంత శాతమే పెట్టాలి. ట్రూ కౌంట్ నాలుగు దగ్గర మనకు ఒకటిన్నర శాతం. నాలుగు వేలు ఉన్నప్పుడు పెట్టాల్సింది 45 డాలర్లు, నేను పెట్టింది 200. వెయ్యి మిగిలినప్పుడైతే పదకొండు డాలర్లు. ఆ టేబుల్ మీద 25కి తక్కువ పెట్టనివ్వరు. అంటే నేను అక్కడ కూర్చోకూడదు, అంతే. తెలిసినవాళ్ళు ఆ సూత్రంలో సగమే పెడతారట.

మీలో ఎవరైనా దిగేటట్టుంటే ఒకటి చెబుతాను. బ్లాక్‌జాక్‌కి (మొదటి రెండు ముక్కల్లోనే ఆసు, పదో బొమ్మో వచ్చి 21 అవడం) 6:5 ఇచ్చే టేబుల్ మీద కూర్చోకండి. 25 పందేనికి 37.50 రావాల్సిన చోట 30 చేతిలో పెడతారు, ఆ తేడాని కౌంటింగ్‌తో పూడ్చడం చాలా కష్టం. కంప్యూటరే పంచే ఆన్‌లైన్ ఆటలో మామూలుగా ప్రతి ఆటకీ కొత్తగా కలుపుతారు, అక్కడ లెక్కపెట్టడానికి ఏమీ ఉండదు. పైగా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని తెలంగాణలో 2017లోనే, ఆంధ్రాలో 2020లో నిషేధించారు. ఊళ్ళో తమ్ముళ్ళు నన్ను అడగొద్దు.

మా ఆవిడ నిన్నటిదాకా సరిగ్గా మాట్లాడలేదు. ఆ కూపన్ నా ప్యాంటు జేబులో దొరికింది, ఉతికే ముందు తీసి ఫ్రిజ్ మీద మాగ్నెట్ పెట్టి అంటించింది. ఇవాళ పొద్దున కాఫీ ఇస్తూ, "ఇది ముప్పయ్యో తేదీ దాకా ఉందండీ" అంది. కార్డులు తన పర్సులో పెట్టుకున్నాక అంది.