పెరట్లో దీపం, గోడవతల వరిచేను: మాత్‌ల నమోదు ఇప్పటిదాకా

స్థలం పశ్చిమ గోదావరి డెల్టాలో ఒక పల్లె పెరడు. తూర్పున కొబ్బరి వరస, నూతి దగ్గర అరటి, ప్రహరీ మీద తిప్పతీగ, వాకిట్లో నందివర్ధనం, గన్నేరు. పడమటి గోడ దాటితే వరిచేలే. చిక్కంతా అక్కడే. మాత్‌లంటే సీతాకోకచిలుకల్లాంటివే, ఎక్కువగా రాత్రిపూట ఎగిరే రెక్కపురుగులు. దీపం వెలిగించి తెర కడితే దాని మీద వాలేవాటిలో పెరట్లో పుట్టినవెన్నో, చేలోంచి ఎగిరొచ్చినవెన్నో తెలియదు. ఆ లెక్క విడదీయడానికే ఏర్పాట్లు మారుతూ వచ్చాయి.

దీపం

మొదట వాడింది 160 వాట్ల మెర్క్యురీ బల్బు. విడిగా చోక్ అక్కర్లేదు. వేడి విపరీతం కాబట్టి పింగాణీ హోల్డర్ తప్పనిసరి. పల్లెల్లో దీనితో రెండు ఇబ్బందులు. కరెంటు ఒక్క క్షణం పోయొచ్చినా బల్బు చల్లారేదాకా మళ్ళీ వెలగదు; ఐదు నిమిషాలు చీకటే. కాలుతున్న గాజు మీద వాన చినుకు పడితే పగులుతుంది. పైగా దాని వెలుగు గోడ దాటి చేనంతా పరుచుకుంటుంది.

ఇప్పుడు వాడుతున్నది 10 వాట్ల యూవీ (అతినీలలోహిత) ఎల్‌ఈడీ, 365 నానోమీటర్ల తరంగదైర్ఘ్యానిది. చవగ్గా దొరికే ఊదారంగు లైట్లు చాలావరకు 395వి. కంటికి ఎక్కువ వెలుగు కనిపిస్తుంది, పురుగులు మాత్రం తక్కువ వస్తాయి. కొనేముందు పెట్టె మీద అంకె చూడాలి. 12 వోల్టుల 7 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) బ్యాటరీలో ఉండేది 84 వాట్ అవర్లు. లెడ్ యాసిడ్ బ్యాటరీని సగానికి మించి దింపితే త్వరగా పాడవుతుంది కనుక నికరంగా నాలుగు గంటలు వెలుగుతుంది. దీపంలోకి సూటిగా చూడకూడదు. పాలీకార్బొనేట్ కళ్ళజోడు యూవీని ఆపుతుంది, అది చాలు.

తెర

తెల్ల నూలు పంచె. పాలిస్టరైతే జారుడు, కాళ్ళకు పట్టు దొరకదు. సర్ఫుతో ఉతికిన గుడ్డ యూవీ కింద మన కంటికి ఇంకా మెరుస్తుంది గాని, సర్ఫులోని మెరుపు మందు యూవీని పీల్చి నీలి వెలుగుగా మారుస్తుంది. రెండు వెదురు గెడల మధ్య బిగించి కట్టి, కింద అడుగు మేర నేల మీద పరిచి ఇటుకలు పెట్టాలి. చాలా మాత్‌లు నిలువు తెర మీద కాక కింద పరిచిన గుడ్డ మీదే వాలతాయి. గెడలను నీళ్ళ డబ్బాల్లో నిలబెడితే వాటి మీదుగా చీమలు ఎక్కవు. దీపం ఛాతీ ఎత్తులో, తెరకు అడుగు ముందు. తెర వీపు పడమటి గోడకు, ముఖం కొబ్బరి వరసకు. ఈ ఒక్క మార్పుతోనే వరి రసం పీల్చే సుడిదోమ తెర మీద బాగా తగ్గింది. గోడ ఆరడుగులకు తక్కువైతే ఈ ఉపాయం పారదు.

మృగశిర, ఆరుద్ర

తొలకరి పడిన రాత్రి మాత్‌ల లెక్క పెట్టుకోవడం వృథా. ఉసిళ్ళు తెరను కప్పేస్తాయి, వాటి వెనకే కప్పలు, కప్పల వెనక పాములు. డెల్టాలో కట్లపాము రాత్రిపూటే తిరుగుతుంది. బూట్లు, టార్చి లేకుండా తెర దగ్గరికి పోకూడదు. ఉసిళ్ళ జోరు ఎక్కువసేపు ఉండదు. దీపం ఆర్పి, గంటాగి వెలిగిస్తే పని సాగుతుంది. కొబ్బరి కొమ్ము పురుగు ఈ రోజుల్లోనే వచ్చి టప్పున తెరకు కొట్టుకుంటుంది. దాన్నీ రాసుకోవాలి, పెరట్లో పెంటకుప్ప ఉంటే దాని పిల్లపురుగులు అక్కడే ఉండొచ్చు.

వాన వెలిసి గాలి లేకుండా ఉక్కగా ఉన్న రాత్రులు మంచివి. పున్నమి ముందూ వెనకా తెర బోసిపోతుంది. అలాంటి రాత్రి సున్నా వచ్చినా సున్నా అనే రాయాలి. బాగా వచ్చిన రాత్రులే రాస్తే తర్వాత దేన్నీ దేనితోనూ పోల్చలేం.

పుస్తకంలో గడులు

తేదీ, వెలిగించిన వేళ, ఆర్పిన వేళ, ఏ దీపం, మబ్బు, గాలి, వాన, చంద్రుడు, పేరు, ఎన్ని, ఫొటో నంబరు. ఇరవై దాకా ఒక్కొక్కటీ లెక్క. దాటితే తెరను నాలుగు భాగాలు చేసి ఒక భాగం లెక్కించి నాలుగింతలు చేసి, పక్కన ‘అంచనా’ అని రాయాలి. సుడిదోమ, పచ్చ దీపపు పురుగుల్లాంటివాటికి అట్టలో 10 సెంటీమీటర్ల చదరం కోసి, నాలుగు చోట్ల ఆనించి లెక్కపెడితే సరిపోతుంది.

ఫొటో, పేరు

తెల్ల తెర మీద ఫోను వెలుగును తగ్గించుకుంటుంది, మాత్ నల్లగా పడుతుంది. ఎక్స్‌పోజర్ ఒక మెట్టు పెంచాలి. యూవీ ఊదా ఛాయ పోవాలంటే పురుగును ఆకు మీదికి ఎక్కించి, పక్కకు తెచ్చి, తెల్ల టార్చికి ట్రేసింగ్ పేపరు కట్టి తీయాలి. కొలతకు గ్రాఫ్ పేపరు ముక్క పక్కనుంచాలి. పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి.

వాలిన భంగిమలోనే పేరు తేలనివి కొన్ని ఉంటాయి. తిప్పతీగ మీద పెరిగే యుడోసిమా అనే మాత్‌లు చూడండి. ముడుచుకుంటే రెండు జాతులూ ఎండుటాకులే. గడ్డిపరకతో ముందు రెక్క అంచును మెల్లగా కదిపితే నారింజరంగు వెనక రెక్క బయటపడుతుంది. అందులో నల్ల మచ్చ గుండ్రంగా ఉంటే మెటర్నా, కామాలా వంపు తిరిగి ఉంటే ఫలోనియా. పెద్దయ్యాక బత్తాయి, దానిమ్మ పళ్ళకు చిల్లు పెట్టేవి ఇవే. ఆముదం మీది దాసరి పురుగుదీ ఇదే తంతు: వెనక రెక్క నలుపు, నడుమ తెల్లపట్టీ, అంచున మూడు తెల్ల మచ్చలు.

చిన్న గోధుమరంగు మాత్‌లకు పట్టుబట్టి జాతిపేరు తగిలించడం మంచిది కాదు. కుటుంబం దగ్గర ఆగిపోయినా ఆ నమోదు చెల్లుతుంది. జీవుల ఫొటోలు నమోదు చేసే ఐనాచురలిస్ట్ వెబ్‌సైట్‌లో పెట్టేటప్పుడు తెర మొత్తం ఫొటో కాకుండా ఒక్కో పురుగు విడిగా పెట్టాలి. పోల్చుకోవడానికి మాత్స్ ఆఫ్ ఇండియా అనే వెబ్‌సైట్ ఉంది.

చిత్త, స్వాతి

సార్వా (వానాకాలపు వరి) కంకి మీదుంటుంది, సుడిదోమ గాలిలో ఉంటుంది. అది ఎక్కువగా లేచేది పొద్దుగూకే వేళ. అందుకని ఈ రెండు కార్తెల్లో ఏడింటికి కాక ఎనిమిదిన్నరకు వెలిగించడం మొదలైంది. తెర శుభ్రంగా ఉంటుంది గాని, ఈ అంకెలను ఆరుద్ర అంకెల పక్కన పెట్టకూడదు. పుస్తకంలో వేరే రంగు సిరాతో రాయడం అందుకే.

పెడెరస్ అనే చిన్న పురుగు కూడా అప్పుడే ఎక్కువ. సన్నగా, నలుపూ నారింజా పట్టీలతో చీమలా ఉంటుంది. చేలో దోమను తినే మంచి పురుగే, కాని మెడ మీద నలిపితే మర్నాటికి కాలినట్టు బొబ్బలు లేస్తాయి. కొట్టకుండా ఊదేయాలి; నలిగితే వెంటనే సబ్బుతో కడగాలి.

పెరటి సొత్తు ఏది

దీపం దీనికి జవాబు చెప్పదు. చెప్పేవి రెండు పనులు.

మొదటిది తీపి పూత. కిలో మిగలముగ్గిన అరటిపళ్ళు, అరకిలో బెల్లం పాకం, పావు లీటరు తాటికల్లు. మెదిపి ఒకరోజు పులియనిచ్చి, చీకటిపడే ముందు కొబ్బరి మొదళ్ళకు ఛాతీ ఎత్తున పూయాలి. సుడిదోమ లాంటి వరి పురుగులు చాలావరకు దీనికి రావు. యుడోసిమాలు, ఎరిబస్ అనే పెద్ద మాత్‌లు వస్తాయి. పలచనైతే కారిపోతుంది; చీమలు పట్టిన మొదలును వదిలి వేరేదానికి పూయడమే మార్గం.

రెండోది, అసలైనది, గొంగళిని వెతకడం. నందివర్ధనం కింద తాజా పెంటికలు కనిపిస్తే పైన డాఫ్నిస్ నెరీ అనే మాత్ గొంగళి ఉండొచ్చు: పచ్చటి ఒళ్ళు, తల వెనక నీలి కళ్ళలాంటి రెండు మచ్చలు. వెడల్పాటి డబ్బాలో రెండంగుళాల పొడిమట్టి, ఎండుటాకులు వేసి, మూతికి దోమతెర కట్టి, రోజూ కొత్త ఆకు వేయాలి. తడి ఆకు వేస్తే బూజు పడుతుంది. ఒళ్ళు నల్లబడి కిందికి దిగితే ప్యూపా కట్టబోతోందన్న మాట, ఇక కదపకూడదు. ఒక్కోసారి మాత్ బదులు ఈగలు బయటికొస్తాయి. అవి గొంగళిలో పెరిగిన పరాన్న ఈగలు. పారేయకుండా వాటినీ తేదీతో రాసి పెట్టుకోవాలి.

తెల్లారుజామున నాలుగున్నరకు తెరను పొదల్లోకి దులపడం మరవకూడదు. ఆలస్యమైతే గొరవంకలు వరసగా వాలి అన్నీ ఏరుకు తింటాయి. దాళ్వా (రెండో పంట వరి) నాట్లు పడ్డాక తెరను నూతి పక్కకు మార్చి, అదే దీపం, అదే వేళ ఉంచి అంకెలు చూడాలి.