పాత కారు, మే నెల ఎండ, ఒక ఏసీ

మొన్న హన్మకొండలో 2011 నాటి కారు ఒకటి చూడడానికి మా బావతో కలిసి వెళ్ళాను. "ఏసీ బాగానే ఉంది, గ్యాస్ ఒక్కటి నింపించుకుంటే చాలు" అని అమ్మే ఆయన చెప్పిన మాట దగ్గరే నాకు అనుమానం మొదలైంది. ఏసీ గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు, మూసి ఉన్న గొట్టాలలోనే తిరుగుతూ ఉంటుంది కాబట్టి, అది బాగా తగ్గిందంటే ఎక్కడో లీకేజీ ఉన్నట్టే.

చల్లపూట కాకుండా మధ్యాహ్నం రెండు గంటలకు, బండిని కాసేపు ఎండలో నిలబెట్టించిన తరువాతే ఏసీ వేయించాను. కాజీపేట వైపు పరుగెత్తినంతసేపు చల్లగానే వచ్చిన గాలి, సిగ్నల్ దగ్గర ఆగగానే గోరువెచ్చగా మారింది. రేడియేటర్ ముందుండి, గ్యాస్ వేడిని బయటికి వదిలే కండెన్సర్‌కు ఎదురుగాలి ఆగిపోయినప్పుడు ఫ్యానే ఆ పని చేయాలి. బానెట్ ఎత్తి చూస్తే ఆ ఫ్యాన్ తిరగడమే లేదు. అంతవరకైతే చిన్న ఖర్చే. అయితే గొట్టాల జాయింట్ దగ్గర నూనె జిడ్డు, దానికి అంటిన దుమ్ము కనిపించాయి. గ్యాస్‌ను నొక్కి తిప్పే కంప్రెసర్‌లోని ఆయిల్ గ్యాస్‌తో పాటే తిరుగుతుంది కనుక, గ్యాస్ పోయే చోటనే ఆ మరక పడుతుంది. డాష్‌బోర్డు వెనుక ఉండే కూలింగ్ కాయిల్ సంగతి మాత్రం బయటి నుంచి తేలలేదు. అది చెడితే చాలా కార్లలో డాష్‌బోర్డు మొత్తం విప్పాల్సి వస్తుంది, అప్పుడు సామాను కంటే కూలీయే ఎక్కువ భయపెడుతుంది.

"గీ ఎండల ఏసీ లేకుంటె ఎట్ల బావా?" అన్నాడు బావ. మరమ్మతు ఖర్చును ధరలోంచి తగ్గించమని అడిగితే, అమ్మే ఆయన సగానికే ఒప్పుకున్నారు. బండి ఇంకా అక్కడే ఉంది, నేను ఇంకా ఆటోలోనే తిరుగుతున్నాను.